సుద్ద తుడిచిన చోటు

ఇరవై మూడో చెక్క పలక దగ్గరికి వచ్చేసరికి ఆయన మోకాళ్లు మాట వినడం మానేశాయి. గోనె సంచిని నాలుగు మడతలు వేసి కుట్టుకున్న దిండు ఒకటుంది ఆయనకు. దాని మీద మోకాళ్లు ఆనించి, ఎడమ చేతిని నేలకు ఊతగా పెట్టి, కుడి అరచేతిని పలక పొడవునా జరుపుకుంటూ ఆ చివరిదాకా పాకడం, అక్కడ తిరిగి పక్క పలక మీద ఈ చివరికి రావడం, పొలంలో చాలు తిరిగినట్టు. ముప్పై ఒక్క ఏళ్లుగా, నాట్యాల సీజను మొదలయ్యే ముందు, ఈ వేదిక మీది అరవై నాలుగు పలకల్నీ ఆయన ఇలాగే తడిమాడు. దిండులో మోకాళ్ల చోట రెండు గుంటలు పడ్డాయి. కాడి మోసిన ఎద్దు మెడలా అక్కడ గోనె నల్లగా, నున్నగా మెరుస్తుంది.

ఇరవై మూడో పలక పాతకాలపు అత్తగారి లాంటిది. ముట్టుకోకపోయినా మూలుగుతుంది. నలభై ఒకటోది బుద్ధిమంతురాలు, ఏనాడూ నోరెత్తి ఎరగదు. తలుపు పక్కన ఉన్న ఆఖరి నాలుగూ తేమ తగిలితే ఉబ్బి, ఎండ కాస్తే ముడుచుకుని, మేకుల్ని పైకి నెట్టేస్తాయి. ఇక్కడ ఆడేవాళ్లంతా ఉత్త కాళ్లతో ఆడతారు. అందుకే నేలకొక మనిషి కావలసి వచ్చాడు. పిల్లలు ఆయన్ని బల్లల తాత అంటారు. పెద్దవాళ్లు పెద్దాయనా అంటారు. జీతం పుస్తకంలో ఏ పేరు ఉందో మేనేజరుకైనా వెతికితే గాని దొరకదు.

సీజనుకు ఇంకా ఎనిమిది రోజులుంది. రేపు పొద్దున్నుంచి వేదిక మీద సాధన. నిచ్చెనెక్కిన కరెంటాయన మాడిపోయిన బల్బుల్ని ఒక్కొక్కటే విప్పి బుట్టలో వేస్తున్నాడు. పక్కగదిలో దుస్తుల పెట్టెలు తెరిచారు కాబోలు, కలరా ఉండల వాసన వేదికదాకా వచ్చింది. వెనకాల ఎవరో తెరల్ని కర్రతో బాదుతున్నారు. మేనేజరు చేతిలో అట్ట పట్టుకుని తిరుగుతూ, ఎదురైన ప్రతివాళ్లనీ ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు. ఆయన దగ్గరికీ వచ్చాడు.

"అయిందా పెద్దాయనా?"

"అవుతోంది."

"సాయంత్రానికి?"

"ఊఁ."

మేనేజరు అట్ట మీది కాగితంలో 'నేల' అన్న మాట మీద సగం గీత గీసి వెళ్లిపోయాడు.

ఈ పని నేర్పింది ఆయన మేనమామ. ఆ మామకు ముందు ఈ నేలను ఎవరు చూసేవారో తెలియదు. పద్ధతి మాత్రం మామదే. లేచిన మేకు చుట్టూ సుద్దతో సున్నా చుట్టాలి. సున్నాలన్నీ చుట్టాక సుత్తి పట్టాలి. కొట్టడం అయ్యాక మళ్లీ మొదటినుంచీ అరచేయి వెయ్యాలి. ఎందుకంటే ఒక మేకును కొడితే పక్కది లేస్తుంది, చెక్క గుణం అది. చెయ్యి ఒప్పుకున్నాకే సుద్ద తుడవాలి. "కన్ను అబద్ధమాడుద్దిరా. చెయ్యి చెప్పందే సున్నా తుడవకు," అనేవాడు మామ. హాల్లో ఊడ్చేవాళ్ల దగ్గర్నుంచి నాట్యం నేర్పే టీచరమ్మదాకా అందరికీ తెలిసిన సంగతి ఇది. సుద్ద ఉన్నచోట కాలు పెట్టకూడదు. సుద్ద లేకపోతే కళ్లు మూసుకుని పెట్టొచ్చు.

ఆయన చెయ్యి చెప్పడం మానేసి రెండేళ్లయింది.

మొదట వేళ్ల చివర్లు పోయాయి. తరవాత అరచేయి. చన్నీళ్లకూ వేణ్నీళ్లకూ తేడా తెలియక ఒకసారి మోచేతిదాకా బొబ్బలెక్కాయి. షుగరు వల్ల నరాలు మొద్దుబారాయన్నాడు డాక్టరు. ఇంటావిడ ఆనాటి నుంచి స్నానానికి నీళ్లు తనే కలిపి ఇస్తుంది. పొద్దున చొక్కా గుండీలు కూడా ఆమే పెడుతుంది. ఇవాళా పెట్టింది. మెడ దగ్గరి గుండీ పెడుతూ తలెత్తకుండానే అంది:

"ఈ ఏడు నావల్ల కాదని చెప్పెయ్యరాదూ?"

"ఈ ఒక్క సీజనూ."

"పోయినేడూ ఇదే అన్నారు."

ఆయన అన్నం క్యారియరు అందుకున్నాడు. పోయినేడు సంగతి ఆమెకు పూర్తిగా తెలియదు. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి ఆట మధ్యలో ఆగి, కుంటుకుంటూ తెర వెనక్కి వెళ్లిపోయింది. పాదంలో ఏదో దిగింది. బయటి నుంచి గాజుపెంకు వచ్చి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆయన ఆ సమయంలో వేదిక కిందే ఉన్నాడు. ఆట జరుగుతున్నంతసేపూ కింద చీకట్లో ముక్కాలిపీట వేసుకుని, తలమీద ఏ పలక కిర్రుమంటుందో వింటూ కూర్చోవడం ఆయన పనిలో భాగం. ముప్పై ఒక్క సీజన్లలో ఆయన ఒక్క నాట్యమూ చూడలేదు, అన్నీ విన్నాడు. ఆ పిల్ల అడుగు ఎక్కడ తప్పిందో విన్నాడు. యాభై ఎనిమిదో పలక. ఆ రాత్రి అందరూ వెళ్లాక టార్చి వేసి చూస్తే మేకు తల అక్కడే ఉంది. కొట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయాడు.

అప్పటినుంచి టార్చి మీదే బతుకు. దాన్ని నేలకు ఆనించి వెలిగిస్తే లేచిన మేకు వెనక సన్నటి నీడ పడుతుంది. నీడ పడ్డచోట సున్నా చుడుతున్నాడు. ఎవరైనా వస్తే టార్చి జేబులో వేసుకుని, అరచేయి నేల మీద జరుపుతున్నాడు, చూసేవాళ్ల కోసం.

మధ్యాహ్నానికి నలభై ఒక్క సున్నాలు తేలాయి. క్యారియరు విప్పి, ఇంటావిడ చల్లార్చి పెట్టిన అన్నం తిని, సుత్తి పట్టాడు. కొట్టడం మాత్రం ఇప్పటికీ తప్పు పోదు. మూడు దెబ్బలు, చిన్నది, పెద్దది, చిన్నది. కొట్టడం అయ్యాక, కరెంటాయన దగ్గర్లోనే ఉన్నాడని టార్చి తీయకుండా, మళ్లీ మొదటి నుంచి అరచేయి వేస్తూ వచ్చాడు. చేతికి ఏమీ తగల్లేదు. ఏమీ తగలకపోతే నేల బాగున్నట్టు. ముప్పై ఏళ్ల అలవాటు అలాగే అనుకుంది. తడిగుడ్డతో సున్నాలు ఒక్కొక్కటే తుడుచుకుంటూ పోయాడు.

అప్పుడు వచ్చింది వాగుడుకాయ, బకెట్టూ తుడుపుకర్రా పట్టుకుని. హాలు ఊడ్చి తుడిచే మనిషి, నలభై ఏళ్లుంటాయి. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు పెట్టారు. పేరు పెట్టినందుకు కూడా ఓ గంట మాట్లాడిందట.

"అయిపోయిందా బాబాయ్? ఇంక తుడిచేయొచ్చా? ఆ తెరలు బాదేవాళ్లకి బుద్ధుందా చెప్పు. నేను ఇటు ఊడుస్తుంటే దుమ్మంతా ఇటే పంపిస్తన్నారు. ఏమన్నా అంటే నవ్వుతారు. అయినా బాబాయ్, దేవుడు నీకు నోరెందుకిచ్చాడంటావ్? అన్నం తినడానికేనా?"

"ఆఁ."

"చూశావా! ఆ ఒక్కటీ అనడానికి కూడా బద్ధకమే!"

ఆమె చెప్పులు మెట్ల దగ్గర విడిచి, వేదిక ఎక్కి, తడి తుడుపు వేసుకుంటూ వెనక్కి నడుస్తోంది. ఆయన గోడవారగా కూర్చుని సుత్తి పిడికి గుడ్డ చుడుతున్నాడు. మాటల ధార ఒక్కసారిగా తెగింది.

"అబ్బా!"

కాలు పైకెత్తి, తుడుపుకర్ర పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. తడినేల మీద ఎర్రటి చుక్క ఒకటి పడి, వెడల్పై, పలచబడింది.

"ఇక్కడ సుద్ద లేదుగా బాబాయ్," అంది. కోపంగా అనలేదు. అర్థంకాక అంది. "నువ్వు తుడిచేశావనే కాలు పెట్టాను."

ఆయన గోడ పట్టుకుని లేచి, దగ్గరికి వచ్చి చూశాడు. ముప్పై ఏడో పలక. పక్క మేకు మీద వేసిన దెబ్బకి ఇది వడ్లగింజంత లేచింది. ఇంతకుముందే దీని మీదుగా ఆయన అరచేయి వెళ్లింది. వెళ్లి, బాగుందని చెప్పింది.

"ఏదీ, కాలు చూపించు," అంటూ వంగి ఆమె మడమ పట్టుకోబోయాడు. ఆమె ఆ చేతినే పట్టుకుంది.

"ఇదేంటి బాబాయ్?"

ఆయన అరచేతిలో బొటనవేలి కింద, అంగుళమున్నర చెక్క పేడు చర్మంలోకి ఏటవాలుగా దిగి ఉంది. చుట్టూ రక్తం గడ్డకట్టి నల్లబడింది. ఎప్పుడు దిగిందో! బహుశా పొద్దున, మొదటి పలకల దగ్గరే. దాంతోనే అన్నం కలుపుకుని తిన్నాడు.

"నొప్పి లేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆమె గోళ్లతో పేడును పట్టి లాగింది. ఎవరి చేతిలోంచో తీస్తున్నట్టు ఆయన చూస్తూ ఉన్నాడు. పేడు మొత్తం వచ్చాక ఆమె దాన్ని తిప్పి చూసింది, ఆయన మొహం చూసింది. వాగుడుకాయ ఏమీ అనకపోవడం ఆ హాల్లో అదే మొదలు.

పేడును పక్కన పెట్టి నెమ్మదిగా అడిగింది. "పోయినేడు ఆ పిల్లకి..."

"ఊఁ," అన్నాడాయన.

ఆమె తన కాలికీ, ఆయన చేతికీ గుడ్డపీలికలు కట్టింది. ఆయన గోనె దిండు తెచ్చి మొదటి పలక దగ్గర వేశాడు.

"కూచో."

"నేనా?"

"చెయ్యి వెయ్యి. గట్టిగా అదమకు. నిద్రపోయే పిల్లాడి వీపు మీద వేసినట్టు వెయ్యి."

ఆమె వేసింది. అలవాటు కొద్దీ, "అయినా బాబాయ్, నాకేం తెలుసని," అని మొదలుపెట్టింది.

"నోరు మూస్తే చెయ్యి తెరుచుకుంటుంది," అన్నాడాయన.

ఆమె నోరు మూసింది. కళ్లు కూడా మూసుకుంది. మొదటి మూడు పలకలూ ఆమె చేతికి ఏమీ చెప్పలేదు. నాలుగో పలక మధ్యలో చెయ్యి టక్కున ఆగింది. "ఇదిగో!" అంది కళ్లు తెరిచి. ఆయన వంగి చూశాడు. కంటికి ఏమీ కనబడలేదు. సున్నా చుట్టి కొట్టాడు. ఆమె చెయ్యి వేసి చూసి, తల ఊపాక తుడిచాడు.

తెరలు బాదేవాళ్లు పోయారు. కరెంటాయన నిచ్చెన మడిచాడు. వాళ్లిద్దరూ అరవై నాలుగో పలక చేరేసరికి కిటికీల వెలుగు పచ్చబడింది. పదకొండు మేకులు దొరికాయి. లేచిన చెక్క పేళ్లను లెక్కపెట్టలేదు. దొరికిన ప్రతి చోటా ఆయన ఉప్పు కాగితం పెట్టి రుద్దాడు. చివరి పలక అయ్యాక ఆమె నడుం పట్టుకుని లేస్తూ అంది, "ముప్పై ఏళ్లు ఎలా చేశావు బాబాయ్ ఇది? నాకు ఒక్కపూటకే ఒళ్లు పులిసిపోయింది."

"అలాగే," అన్నాడు.

మేనేజరు గదిలో అట్ట బల్ల మీదుంది. కాగితంలో గీతలన్నీ నిండాయి, ఒక్క 'నేల' తప్ప. ఆయన తన దగ్గరున్న వేదిక తాళాల గుత్తి ఆ అట్ట మీద పెట్టాడు.

"నేల అయింది. రేపట్నుంచి తుడిచే ఆమె చూస్తుంది. ఆమె చెయ్యి మంచిది."

"ఇదేంటి పెద్దాయనా, సీజను నెత్తిమీద పెట్టుకుని?"

"అందుకే."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు. నా చెయ్యి పోయింది." ఆ మాట అనడానికి ఆయనకు రెండేళ్లు పట్టింది. మేనేజరు ఆ చేతి వంక చూశాడు. కట్టుగుడ్డ తప్ప తేడా ఏమీ కనబడలేదు. ఆయన ఆగకుండా మిగతాది కూడా చెప్పేశాడు. "పోయినేడు ఆ పిల్ల కాల్లో దిగింది గాజుపెంకు కాదు. మేకు. టీచరమ్మకి చెప్పండి. రేపు నేనుండను గదా."

మేనేజరు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. చివరికి, "పోనీ, కింద కూర్చుని వినడానికైనా రండి. చెవులు బాగానే ఉన్నాయిగా," అన్నాడు.

"బాగానే ఉన్నాయి."

"లేదంటే ఒకరోజు ముందు వరసలో కూర్చుని చూడండి. ఎప్పుడూ చూడలేదటగా."

"చూద్దాం," అన్నాడాయన. వస్తానని కాదు, రానని కాదు. వెనక తలుపు తీసుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి, ఖాళీ క్యారియరు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మేనేజరు పెన్ను అందుకుని మిగిలిన సగం గీతా గీశాడు.

మర్నాడు పొద్దున సాధనకు పిల్లలు చెప్పులు విప్పుతూ మెట్ల దగ్గర గుమిగూడారు. "బల్లల తాత ఏడీ?" అని ఒకతి అడిగింది. "ఇంటికెళ్లాడు. కాసేపు అక్కడే ఉండండి," అంది వాగుడుకాయ. ఇంకేమీ కలపలేదు. రాత్రి గాలికి తలుపు పక్కవి నాలుగూ ఏమన్నా లేచాయేమోనని, గోనె దిండు అక్కడ వేసుకుని మోకరిల్లింది. ఆమె పొట్టి మనిషి. ఎంత సర్దుకున్నా ఒక మోకాలు గుంటలో కూర్చుంటే, రెండోది గట్టు మీదే ఉండిపోయింది. పని అయ్యాక దిండును గోడవారగా నిలబెట్టింది. ఆ రెండు గుంటలూ నల్లగా, నున్నగా, ఎడం ఎడంగా అలాగే ఉన్నాయి.