ఒక చెయ్యికి ఎంత కరెంటు

పొద్దున లేవగానే నవనీత చేసే మొదటి పని లోపలి గదిలోకి వెళ్ళి యూపీఎస్ మీద పచ్చదీపం వెలుగుతోందా లేదా చూడటం. ఆ తర్వాతే మొహం కడుక్కోవడం, చాయ్ పెట్టుకోవడం. నిజాంపేటలో అక్కాతమ్ముళ్ళు కిరాయికి ఉంటున్న పోర్షన్‌లో రెండే గదులు. ముందు గదిలో నవనీత కంప్యూటర్ ఉంటుంది. హైటెక్ సిటీ ఆఫీసులో మిగిలిపోయిన పనిని ఇంట్లో దాని మీదే పూర్తి చేస్తుంది. లోపలి గదిలో తమ్ముడు అనిల్ కంప్యూటర్. పాత సామాను కొని తానే బిగించుకున్నాడు.

మానిటర్ మాత్రం ఇంటికంతా ఒకటే. రెండోది ఒక ఎండాకాలం వోల్టేజీ ఎక్కువై కాలిపోయింది. కొత్తది కొనడం ఎందుకని అనిల్ ఒక నీలం కేబుల్ తెచ్చి, గుమ్మం పైనుంచి లాగి, రెండు కంప్యూటర్లనూ కలిపాడు. అప్పటినుంచి ముందు గదిలో కూర్చుని ఒక చిన్న బొమ్మ మీద నొక్కితే చాలు, లోపలి కంప్యూటర్ మొత్తం ఈ తెర మీదికి వచ్చేస్తుంది. ఒకే మౌసు, ఒకే కీబోర్డు. ఇటు ఆఫీసు పట్టికలు, అటు అనిల్ రాతలు.

ఆ లోపలి కంప్యూటర్‌లోనే అనిల్ కుడిచెయ్యి ఉండేది.

తెలంగాణ కోసం తీసిన ఒక ఊరేగింపులో అతని భుజం మీద లాఠీ దెబ్బ పడింది. ‘ఎత్తిన చెయ్యి దించేది లేదు’ అని ఊరు ఊరంతా గోడల మీద రాసిన చెయ్యి, ఆ దెబ్బకి దిగిపోయి, ఎండిన సొరకాయలా పక్కన వేలాడింది. దవాఖానలో నరం తెగిందన్నారు, ఇక రాదన్నారు. అతన్ని ఇంటికి తెచ్చిన మూడో రోజు నవనీత లోపలి కంప్యూటర్‌ని తెర మీదికి తెచ్చుకుంటే, ఎవరూ మౌసు ముట్టకుండానే బాణం గుర్తు కదులుతోంది. బొమ్మలు గీసే పేజీ తెరుచుకుని, దాని మీద ‘అ’ రాసింది. ఆ అక్షరం చివరను అలా పైకి విసిరి ఆపడం అనిల్‌కి తప్ప ఎవరికీ అలవాటు లేదు.

"గిది నా చెయ్యే," అన్నాడు అనిల్, ఒళ్ళో పడున్న చేతినీ తెరనూ మార్చి మార్చి చూసి.

"అయితే లోపటనే ఉన్నదన్నట్టు," అంది నవనీత. "యాడ పోయిందో అని ఫికర్ జేస్తున్న."

ఇరుగుపొరుగుకీ అది వింతగా తోచలేదు. పైవాటాలో ఉండే ఇంటి ఓనరు రామ్మోహనరావు గుంటూరు వైపు మనిషి, ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన దిగి వచ్చి, "చెయ్యి ఖాళీగా ఉందా బాబూ? కాలనీ నోటీసు ఒకటి రాయించాలి," అని అడిగాడు. వాచ్‌మన్ భార్య ముగ్గులు వేయించుకుపోయేది. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు, షాపుల బోర్డులు, అన్నీ ఆ చెయ్యే చేసేది. అనిల్ తెర ముందు కూర్చుని పురమాయించేవాడు. అది వింటే వినేది, లేకపోతే లేదు.

"ఏంటయ్యా ఇది?" ఒకసారి రామ్మోహనరావు కాయితం ఊపుకుంటూ వచ్చాడు. "డ్రైనేజీ నోటీసు కింద జై తెలంగాణ ఏంటి? మురుక్కాలవకి కూడా ప్రత్యేక రాష్ట్రం కావాలా?"

"నేను రాయలే సార్. అదే రాసింది."

"చెయ్యి నీదేగా!"

"నాదే. గని చెప్పిన మాట ఇనదు. మన సర్కారు లెక్క."

రామ్మోహనరావు పడీ పడీ నవ్వాడు. ఆ నోటీసునే తీసుకెళ్ళి అంటించాడు కూడా.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, మందమర్రిలో బొగ్గుబాయిలు ఆగాయి. వాళ్ళ బాపు ఈశ్వరయ్య అక్కడ ముప్పై ఏళ్ళుగా బొగ్గు తీస్తున్నాడు. కార్మికుల్లో పెద్ద తలకాయ. సమ్మె నోటీసు ఇచ్చిన రోజు ఊరేగింపులో జెండా పట్టుకుని ముందు నడిచింది ఆయనే. ఆ రోజే ఇక్కడ చెయ్యి ఒక పోస్టర్ గీసింది. నల్లటి మట్టిలోంచి ఒక తీగ పైకి పోయి అద్దాల మేడలో దీపమై వెలుగుతోంది. కింద ఒకటే మాట: ‘బొగ్గు మాది, వెలుగు మీది.’

వారం తిరక్కుండా, బొగ్గు అందక నగరంలో కరెంటు కోత మొదలైంది.

మొదటిరోజు రెండు గంటలు పోయింది. యూపీఎస్ పావుగంట కూసి కూసి ఆగిపోయింది. కరెంటు వచ్చాక బాణం గుర్తు మళ్ళీ కదిలింది గానీ, దేని మీదికి వెళ్ళినా అక్కడే ఆగి నిలబడుతోంది. నొక్కడం దానికి రావడం లేదు.

"చూపుడువేలు పోయిందక్కా," అన్నాడు అనిల్.

అప్పటినుంచి అక్కాతమ్ముళ్ళు కొత్త పద్ధతికి అలవాటు పడ్డారు. చెయ్యి బాణాన్ని ఎక్కడికి తీసుకెళ్ళి ఆపితే, నవనీత అక్కడ మౌసు నొక్కేది. కూరగాయలు తరుగుతూ కూడా ఒక కన్ను తెర మీద ఉంచి నొక్కేది. రెండు రోజుల్లో ఆమె వేలికి ఆలోచన అక్కర్లేకుండా పోయింది. బాణం ఆగడమే ఆలస్యం, వేలు దానంతటదే వాలేది.

రామ్మోహనరావు తన ఇన్వర్టర్ నుంచి ఒక వైరు కిటికీలోంచి కిందికి జార్చాడు. నాలుగు రోజులు గడిచాయి. కోత ఆరు గంటలయ్యేసరికి ఆయన చెమటలు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. "ఏం చెయ్యనమ్మా, చార్జింగే ఎక్కట్లేదు. మా ఇన్వర్టరు కూడా మీ సమ్మెలో చేరిపోయింది," అన్నాడు. హాస్యానికే అన్నాడు గానీ, ఆయన మొహంలో నవ్వు లేదు. ఆ పూట ఆరినప్పుడు చెయ్యి అక్షరాలన్నీ మరిచిపోయింది. ఇప్పుడు గీతలు మాత్రం గీస్తుంది, వంకర టింకరగా, పలక పట్టిన పిల్లల్లా.

"ఇంకొక్కసారి ఆరిందంటే ఇగ రాదు," అన్నాడు అనిల్. ఏడవలేదు. పొడిగా అన్నాడు.

మర్నాడు, శనివారం, నవనీత ఆఫీసులో అడిగింది. అక్కడ అద్దాల మేడలకు చీకటంటే తెలియదు. కరెంటు పోయీపోగానే నేలమాళిగలో జనరేటర్లు గుర్రుమంటాయి. ఆ మేడల కోసం గుట్టల్ని పగలగొట్టినవి పాలమూరు చేతులు. ఇటుకలు మోసినవి నల్లగొండ చేతులు. గేటు దగ్గర లేచి సలాం కొట్టేవి మెదక్ చేతులు. అన్ని చేతులు కట్టిన మేడలో ఒక్క చేతికి చోటడిగింది నవనీత.

"ఒక్క ప్లగ్గు ఇప్పియ్యండి సార్. మూలకు పెట్టుకుంట."

"బయటి యంత్రం లోపలికి రాకూడదమ్మా. వైరస్ ఉంటే?"

"వైరస్ లేదు సార్. చెయ్యి ఉన్నది."

మేనేజరు కాసేపు నిజంగానే ఆలోచించాడు. "చెయ్యైనా బయటిదే కదా," అన్నాడు.

ఆ మాటతో బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, నవనీత బాపుకి ఫోన్ చేసి ఏడ్చింది. ఆమెకు సమ్మె మీద ప్రేమా లేదు, పగా లేదు. తమ్ముడికి మిగిలిన ఆ కాస్తా పోకూడదు, అంతే.

ఈశ్వరయ్య అంతా విన్నాడు. చాలాసేపు దగ్గాడు.

"నేను బాయిల దిగుత బిడ్డా," అన్నాడు. "కంపెనీ వాళ్ళు రోజూ ఇంటికి జీపు పంపుతమంటున్నరు. ఈశ్వరయ్య దిగిండంటే ఎనుకనే పదిమంది దిగుతరని వాళ్ళకెరుక. పదిమంది దిగితే వందమంది దిగుతరు."

"దిగినోళ్ళ ఇండ్ల ముంగట గాజులు కడుతున్నరట గద బాపూ?"

"కట్టనియ్. మీ అవ్వకు ఎన్ని గాజులు కొనలే. గివి ఫుకట్‌ల ఒస్తయ్." నవ్వబోయి మళ్ళీ దగ్గాడు. "ఒక్క చెయ్యికి ఎంత కరెంటు గావాలె బిడ్డా? గంత బొగ్గు నేను తియ్యలేనా?"

వద్దు అనాలి. ఆ మాట నవనీత నోటిదాకా వచ్చింది. కానీ అనలేదు. ఫోన్ పెట్టేసి మొహం కడుక్కుని తన సీట్లోకి వెళ్ళింది.

మర్నాడు ఆదివారం. ఆ రెండు రోజులూ కోత పడలేదు గానీ, సోమవారం నుంచి మళ్ళీ ఆరు గంటలన్నారు. మధ్యాహ్నం నాలుగింటికి అనిల్ ఫోన్ మోగింది. మందమర్రి నుంచి వాళ్ళ అవ్వ కనకమ్మ.

"కొడుకా, మీ బాపు ఐదింటికి జీపు ఎక్కుతడట. నీ చెయ్యి కోసమట. వాడకట్టంత మన ఇంటి దిక్కే జూస్తున్నరు. నువ్వన్న జెప్పు."

అనిల్ బాపుని ఫోన్ దగ్గరికి పిలిపించాడు. అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు.

"నువ్వు ఊకోరా," అన్నాడు ఈశ్వరయ్య. "చెయ్యి నీదైతేంది, నువ్వు నావోనివి. అది ఉన్నన్ని దినాలు నేను దిగుత. ఎవని మాటా ఇన."

అటునుంచి ఫోన్ పెట్టేశాడు. అనిల్ అక్క వైపు తిరిగాడు.

"నీకెరుకనా?"

"ఎరుకే."

"ఒద్దనలేదా?"

"అనలే."

"ముప్పై ఏండ్ల సంది ఆ వాడల తలెత్తుకొని నడిచిండక్కా. సమ్మెను ఇరగ్గొట్టిండు ఈశ్వరయ్య అంటరు రేపు. సచ్చేదాక అంటరు. సచ్చినంక గూడ అంటరు."

"నాకు సమ్మెలు జెప్పకు!" నవనీత గొంతు చీరుకుపోయింది. "జెండాలు పట్టిన చెయ్యి ఎట్ల పడున్నదో జూడు నీ ఒళ్ళ. రాష్ట్రమొస్తే అది లేస్తదా? చెప్పు, లేస్తదా?"

"లేవదు," అన్నాడు అనిల్.

నవనీత మౌసు మీద చెయ్యి వేసి తెర వైపు తిరిగింది. తెర మీద లోపలి కంప్యూటర్ తెరిచే ఉంది. పొద్దుటినుంచి గీస్తున్న గీతల్ని వదిలేసి బాణం గుర్తు మెల్లగా కదిలింది. అడుగున ఎడమ మూలకు వెళ్ళి ఆగింది. ఆగగానే నవనీత వేలు అలవాటు కొద్దీ వాలింది. జాబితా ఒకటి పైకి లేచింది. బాణం దాని అడుగుకి జరిగి ఆగింది. వేలు మళ్ళీ వాలింది. తెర మసకబారి, మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది. కంప్యూటర్‌ని ఆర్పేసే ఎర్ర బొత్తాం అందులో ఉంది. బాణం వెళ్ళి దాని మీద నిలబడింది.

అప్పుడు గానీ ఆమెకు అర్థం కాలేదు. వేలిని నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుంది.

"నువ్వు జెప్పినవా దానికి?"

"లేదక్కా. నేను జెప్పలే. అదే పోతున్నది."

నవనీత మౌసు పట్టుకుని బాణాన్ని పక్కకి లాగింది. అది తిరిగి వచ్చి ఎర్ర బొత్తాం మీద నిలబడింది. మళ్ళీ లాగింది. మళ్ళీ వచ్చింది. ఆమె పిడికిలి బిగించి మౌసుని బల్ల అంచుదాకా ఈడ్చింది. అక్కడ బాణం వణుకుతూ ఆగింది. ఒకే మౌసు కింద రెండు చేతుల బలం ఆమె మణికట్టుకి తెలిసింది. చిన్నప్పుడు కర్ర కోసం, పతంగి కోసం, అవ్వ దాచిన బెల్లం కోసం ఇలాగే లాక్కునేవాళ్ళు. అప్పుడు ఎప్పుడూ వదలనిది తమ్ముడే. ఇప్పుడు కూడా వాడి పట్టు మారలేదు. చూపుడువేలు లేదు, అక్షరం లేదు, అయినా పట్టు ఉంది.

గోడ గడియారం నాలుగూ నలభై దాటింది.

"అక్కా," అన్నాడు అనిల్. "దానికి నొక్కరాదు."

"నాతోని గాదు."

"నేను ఎడమచేత్తో నొక్కుత. నువ్వు లే."

నవనీత లేవలేదు. నొక్కినవాడు జీవితమంతా ఆ నొక్కిన వేలుతో బతకాలి. ఉన్న ఒక్క మంచి చేతికి ఆ పని పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. మౌసుని వదులు చేసింది. బాణం వెంటనే పోలేదు. కాసేపు అక్కడే, ఆమె అరచేతి కింద, ఎవరో వీపు నిమిరినట్టు చిన్నగా అటూ ఇటూ కదిలింది. తర్వాత వెళ్ళి బొత్తాం మీద నిలబడింది.

ఆమె నొక్కింది.

లోపలి గదిలో గిరగిరమనే చప్పుడు సన్నబడి, ఆగింది. తెర మీది నుంచి లోపలి కంప్యూటర్ మాయమై, సంబంధం తెగిపోయిందని నాలుగు మాటలు కనిపించాయి. వాటి వెనక ఆమె సగం నింపిన ఆఫీసు పట్టిక ఎప్పటిలాగే ఉంది. అనిల్ ఒళ్ళో ఉన్న చెయ్యి ఒక్కసారి బరువెక్కినట్టు తొడ మీదినుంచి జారింది. అతను దాన్ని ఎడమచేత్తో ఎత్తి, పక్కవాళ్ళ బిడ్డని పడుకోబెట్టినట్టు, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

నవనీత ఫోన్ తీసింది. రెండు మోతలకే ఈశ్వరయ్య ఎత్తాడు. వెనక జీపు ఇంజను చప్పుడు, ఎవరో రమ్మంటున్న కేక.

"బాపూ, ఇగ నువ్వు దిగే పని లేదు."

"ఏమైంది?"

"చెయ్యి పోయింది."

అటువైపు ఇంజను ఇంకా మోగుతోంది. తర్వాత ఈశ్వరయ్య ఫోన్ పక్కకి పెట్టి, "మీరు పోన్రి. నేను రాను," అనడం వినిపించింది. జీపు తలుపు పడింది. ఇంజను దూరమైంది. చుట్టూ ఆడవాళ్ళ గొంతులు. ఎవరో "ఈశ్వరన్నా, జర కూసో" అంటున్నారు. కుర్చీ లాగిన చప్పుడు.

"ఎట్ల పోయింది బిడ్డా?" అన్నాడు ఆయన. "నేను బాయిల దిగుత అంటి గద. గా జర సేపు ఆగలేకపాయెనా?"

నవనీత కళ్ళు మూసుకుంది.

"కరెంటు పోయింది బాపూ."

ఆమె తల మీద ఫ్యాను కీచుమంటూ తిరుగుతోంది. అనిల్ లేచాడు. కుడిచెయ్యి పక్కన ఊగుతుండగా గోడ దాకా నడిచి, ఆ చప్పుడు ఫోన్‌లో బాపుకి వినపడకుండా ఎడమచేత్తో స్విచ్చి ఆపాడు.