పద్నాలుగో పేజీ బంతి

సోమవారం పొద్దున బుల్లియ్య కంప్యూటర్ ఆన్ చేసేసరికి తెర మీది పెళ్లి ఆల్బమ్‌లో పద్నాలుగో పేజీ తడిసి ఉంటుంది. మిగతా పేజీలు పొడిగానే ఉంటాయి. అతను తెర అద్దాన్ని వేలితో తుడిచి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నీళ్లు కాదు. పసరు.

"పట్టిందన్నమాట," అనుకుంటాడు.

బుల్లియ్య ఇరవై రెండేళ్లు కడియం నర్సరీల్లో ఒక మొక్క కొమ్మని ఇంకో మొక్కకి అతికిస్తూ అంట్లు కట్టాడు. నడుం పట్టేశాక, వంగే పని ఇక వద్దని బావమరిది తన ఫొటో స్టూడియోలో కూర్చోబెట్టి ఆల్బమ్ పేజీలు చేయడం నేర్పించాడు. పనిలో అతనికి పెద్ద తేడా కనిపించలేదు. ఇక్కడా ఫొటో మూలకి పూలగుత్తి కట్టాలి. ముందు అడుగున వెడల్పాకులు పరిచి, ఫొటో అంచు కిందకి సగం దూర్చాలి. వాటి మీద సన్నాకులు. ఆ పైన పెద్ద పువ్వులు మూడో ఐదో, సరిసంఖ్య పనికిరాదు. సందుల్లో మొగ్గలు. ఆఖరున ఒక్కో ఆకు కింద నీడ, ఫొటోలో వెలుతురు ఏ పక్కనుంచి పడుతోందో చూసుకుని దానికి ఎదురు పక్కన.

మిగతా స్టూడియోల వాళ్లు పువ్వుని తెచ్చి గాలిలో వదిలేస్తారు. అది చూస్తే బుల్లియ్యకి పళ్లు జివ్వుమంటాయి. మొదలు లేని పువ్వు ఎక్కణ్నుంచి తాగుతుంది? అందుకని అతను ప్రతి కొమ్మకీ కింద ఏటవాలుగా కోత పెడతాడు. ఫొటోలో దగ్గరగా ఏది ఉంటే దానికి, స్తంభమో కుర్చీ చెయ్యో, చిన్న గాటు పెట్టి, కోతని గాటులో కూర్చి, పైన సన్నటి ఆకుపచ్చ గీత చుట్టేస్తాడు. ఆ కట్టు ఎవరికీ కనిపించదు. చూసినవాళ్లు మాత్రం నీ పూలు బతికున్నట్టున్నాయయ్యా అంటారు.

శనివారం పెళ్లికూతురి తండ్రి గోవిందు ఫోన్ చేశాడు. "పద్నాలుగో పేజీ బంతిలో మా అక్క కనపడకూడదు," అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. ఆ పేజీలో ఉన్నది భోజనాల ఫొటో. గోవిందు అన్నది మొదటి బంతి సంగతి. వరుసలో కూర్చున్న అక్కని కత్తిరించెయ్యమని. నర్సరీ మనిషి చెవికి బంతి అంటే పువ్వొకటే. బుల్లియ్య ముద్దబంతి పూలు తెచ్చి, ఆవిడ కనపడనంత దట్టంగా గుత్తి కట్టాడు. దగ్గర్లో స్తంభం లేదు. కొమ్మని ఆవిడ ఎడం భుజానికే అంటు కట్టాడు.

సోమవారం పదింటికి ఆ భుజం స్టూడియోలోకి వస్తుంది.

భుజంతో పాటు గోవిందు అక్క ఆదెమ్మ గారు వస్తుంది. అరవై దాటిన మనిషి. నేత చీర, చేతిలో గుడ్డసంచి. ఎడం భుజం మీంచి కొమ్మ లేచి, చెవిని, చెంపని, సగం నోటిని పూలతో కప్పేసింది. ఒకటే కన్ను బయటికి కనిపిస్తోంది.

"ఇక్కడ బుల్లియ్యంటే ఎవరు?"

"నేనేనండి."

"పెళ్లి ఫొటోలో నన్ను బంతిమొక్కలో కుక్కింది నువ్వేనా?"

"ఆయ్. కూర్చోండి."

"కూర్చుంటే వేళ్లు పోసేస్తాయేమోనని భయంగా ఉందయ్యా."

"అప్పుడే పొయ్యవండి. వారం పడుతుంది."

ఆవిడ ఆ మాట నమ్మి కూర్చుంటుంది. సంచి ఒళ్లో పెట్టుకుని జరిగింది చెబుతుంది. "పొద్దున్నే కాఫీ ఇయ్యవే అంటే మా కోడలు చెంబుతో నీళ్లు తెచ్చి నా పాదాల మీద పోసి పోయింది. బస్సెక్కితే కండక్టరు నన్ను తీసుకెళ్లి ఎండ తగిలే కిటికీ పక్కన నిలబెట్టాడు. మర్యాదగానే నిలబెట్టాడులే." ఒళ్లో సంచి సర్దుకుంటుంది. "సెంటర్లో మా గోవిందు ఎదురొచ్చాడు. వాణ్ణి చంకనేసుకుని ఊరంతా తిప్పాను నేను. అక్కా అనలేదు. పువ్వొకటి తుంపి జేబులో పెట్టుకుని పోయాడు."

తుంపిన చోటు చూపిస్తుంది. ఇంకా పసరు కారుతోంది.

"ఈ పుస్తకం అచ్చుకెప్పుడెళుతుంది?"

"గురువారం అండి. మీ తమ్ముడుగారు వచ్చి చూసి సరే అనాలి."

"అచ్చయిపోతే?"

"పైన ప్లాస్టిక్ పొర వేసేస్తారండి. ఇంక ఊడదు."

"అంటే చచ్చేదాకా నేనిలా మొక్కనే?"

"తరవాత కూడా అండి. పేజీ వందేళ్లుంటుందంటారు."

"నీ దుంపతెగ," అంటుంది ఆవిడ, కోపం లేకుండా, వందేళ్లెంతో లెక్కేసుకుంటున్నట్టు.

బుల్లియ్య చేసినదాన్ని వెనక్కి తిప్పే మీట నొక్కుతాడు. తెర మీద ఆకుల నీడ పోతుంది. గచ్చు మీద ఆదెమ్మ గారి నీడ కూడా పోతుంది. ఇంకోసారి నొక్కబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది.

"ఏం తీశావు?"

"నీడండి."

"పెట్టెయ్. బస్టాండు నుంచి నాతో వచ్చింది అదొక్కటే."

పెడతాడు. ఈసారి కొమ్మని పట్టుకుని లాగుతాడు. తెర మీద కొమ్మ కదలకముందే ఇక్కడ కుర్చీలో ఆవిడ అబ్బా అంటుంది. బెరడూ చర్మమూ ఒకటైపోయాయి. ఎక్కడ కోసినా ఇద్దరికీ తెగుతుంది. కట్టిన అంటు బాగా పట్టినందుకు బుల్లియ్య జీవితంలో మొదటిసారి సిగ్గుపడతాడు.

"మీ మీద ఆయనకంత కోపం దేనికండి?"

"పప్పు అడుగంటిందయ్యా. మొదటి బంతికే. ముద్ద నోట్లో పెట్టగానే తెలిసిపోయింది. తెలిశాక ఊరుకుంటానా? పప్పు మాడిందర్రా, వియ్యాలవారికి వడ్డించకండి అన్నాను. పాటలవాడి మైకు నా పక్కనే ఉందని నాకేం తెలుసు?"

"ఎంతమంది విన్నారండి?"

"మన ఊరు, పక్క ఊరు."

బుల్లియ్య గోవిందుకి ఫోన్ చేసి, అక్కగారు వచ్చి పూలు తీయమంటున్నారని చెబుతాడు.

"బంతిలోంచి తీసెయ్యమన్నాను గానీ బంతిలో పెట్టమన్నానా?" అంటాడు గోవిందు. "సరే, నిన్న నువ్వు పంపిన పేజీ చూశాను. బానే ఉంది. ఉండనీ."

"ఇక్కడే ఉన్నారండి. మాట్లాడండి."

ఆదెమ్మ గారు ఫోన్ తీసుకుని, "ఒరేయ్ గోవిందూ," అంటుంది.

"ఏదో గలగలమంటోందయ్యా బుల్లియ్యా. ఆ ఫ్యాను ఆపు," అంటాడు గోవిందు. ఫ్యాను తిరగడం లేదు.

ఆవిడ ఫోన్ తిరిగిచ్చేసి, ఉన్న ఒక్క కన్నూ తుడుచుకుని, "వాడికి చిన్నప్పణ్నుంచీ చెవి పోటు," అంటుంది.

మంగళవారం బుల్లియ్య కట్టు ఉన్నచోటుని తెర నిండా పెద్దది చేసి చూస్తాడు. అంటు కింద, ఆవిడ భుజం మీద, ఆవగింజంత మొటిక, చిగురు రాబోయే బొడిపె, కనిపిస్తుంది. వెంటనే అతని బొటనవేలి గోరు దాని మీదకి పోతుంది. అంటు కింద మొలిచింది ఏదైనా కింది మొక్కకే సొంతం. నర్సరీలో దాన్ని పొద్దున్నే గిల్లేస్తారు. గిల్లకపోతే కింది మొక్క తన బలం తానే తాగేస్తుంది, పై కొమ్మ ఎండిపోతుంది. బుల్లియ్య బొటనవేలు ఇరవై రెండేళ్లలో గిల్లని మొటిక లేదు. అతను ఆ వేలిని పట్టి వెనక్కి తెచ్చి, పక్క వేలికి దారంతో కట్టేసుకుంటాడు.

"ఇది పూలది కాదండి, మీది," అని, మళ్లీ వచ్చి కూర్చున్న ఆవిడకి చూపిస్తాడు. "ఇది విచ్చుకుంటే బంతి దానంతటదే పోతుంది. ఏ మొటికైనా దానికి అలవాటైన ఎండకే విచ్చుకుంటుంది. మీకేది అలవాటు?"

ఆవిడ మొటికని వేలి కొసతో తడుముతుంది. "తిండి దగ్గర ఉన్నమాట చెప్పడం. అదొక్కటే," అంటుంది. తరవాత తెర కేసి వంగుతుంది. "ఆ ఆకులో పప్పింకా ఉందా?"

"ఉందండి."

"వాసన చూడు."

బుల్లియ్య అద్దానికి ముక్కు ఆనిస్తాడు. కొత్త చీరల వాసన, నేతి వాసన. వాటి కింద, దాక్కున్నట్టుగా, మాడు వాసన.

"మాడిందండి."

మొటిక ఆవగింజ నుంచి మిరియమంత అవుతుంది. ఇద్దరూ దాన్ని చూస్తారు.

"నువ్వు పరాయివాడివి. అందుకే అంతే పెరిగింది," అంటుంది ఆవిడ. "ఇంకొకడు అనాలి."

బుధవారం నాటికి ఆ పేజీలో ఆకు అన్నది ఏదీ ఆగడం లేదు. పూలగుత్తి ఆకులని చూసి, భోజనానికి వేసిన అరిటాకులు కూడా తామూ ఆకులమేనని గుర్తు చేసుకున్నాయి. ఒక్కో అరిటాకు పక్కన ఇంకో అరిటాకు పుడుతుంది. దాని ముందు కూర్చోడానికి ఒక మనిషి పుడతాడు. వరుస పొడుగవుతుంది. పేజీకి పట్టనిది పక్క పేజీలోకి పోవాలి. పక్క పేజీలో అప్పగింతలు జరుగుతున్నాయి, అక్కడ అంతా ఏడుస్తున్నారు, చోటు లేదు. అందుకని వరుస తెర అంచు దాటి, బల్ల దిగి, గచ్చు మీదుగా గుమ్మం దాకా వస్తుంది. బుల్లియ్య వాళ్ల మోకాళ్లు తొక్కకుండా గోడవార నడుస్తూ పని చేసుకుంటాడు. ఎవరూ తినడం లేదు. చెయ్యి ఆకు మీద పెట్టి ఆగి ఉన్నారు.

గురువారం పదకొండింటికి గోవిందు వస్తాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ముద్దబంతి. గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. వరుస చివర, సరిగ్గా అతని కాళ్ల ముందు, నీళ్లు చల్లిన అరిటాకు ఖాళీగా ఉంది.

"ఇదెవరికి?"

"ఎవరూ కూర్చోలేదంటే మీదేనండి."

గోవిందు ఆ ఆకు వంక చూస్తాడు. పెళ్లికూతురి తండ్రి కదా, ఆ రోజు వడ్డించండి వడ్డించండి అని తిరగడమే తప్ప అతను ఏ బంతిలోనూ కూర్చోలేదు. ఆ పప్పు రుచి అతనికి తెలియదు. మైకులో విన్నదే.

చెప్పులు విడిచి కూర్చుంటాడు. ఎదురుగా గుత్తెడు బంతి పూలున్నాయి. పూల కింద నేత చీర కుచ్చిళ్లు. వాటిని చూడనట్టు తల దించుకుంటాడు. తెరలోంచి ఒక గరిటె వస్తుంది. వరుసంతా ఒకరి మీదుగా ఒకరు దాటించుకుంటూ దాన్ని అతని ఆకు దాకా తెస్తారు. పప్పు పడుతుంది. అతను కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంటాడు.

నములుతాడు. మింగడు. వరుస మొత్తం మెడలు చాచి అతని దవడ కేసి చూస్తుంది. బుల్లియ్య దారం కట్టిన వేళ్లని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంటాడు.

"బానే ఉంది కదండీ?" అంటారెవరో వరుసలోంచి, మర్యాదకి.

గోవిందు కష్టం మీద మింగుతాడు.

"బానే ఉండటమేంటండీ, మాడిపోతేనూ," అంటాడు. తరవాత తల ఎత్తి పూల కేసి చూసి, "మాడిందే అక్కా," అంటాడు.

మొటిక విచ్చుకుంటుంది. దానిలోంచి పువ్వు రాదు, ఆకు రాదు. వెడల్పయిన నుదురు, రెండో కన్ను, సగం నోరు వస్తాయి. బంతి కొమ్మ రంగు మారి, తేలికై, భుజం మీంచి జారి ఆవిడ ఒళ్లోని సంచిలో పడుతుంది.

"ఇంకో ముద్ద తినకు. గొంతు పట్టేస్తుంది," అంటుంది ఆదెమ్మ గారు తమ్ముడితో. "మంచినీళ్లు తాగు."

గోవిందు తాగుతాడు. తాగి, బుల్లియ్య వైపు తిరగకుండానే, "పేజీ ఇలాగే పంపెయ్," అంటాడు.

అప్పుడు ఆవిడ భోజనం అయిందనిపించుకుని, ముందున్న ఆకుని తనవైపుకి మడుస్తుంది. ఆకుతో పాటు గచ్చు మడతపడుతుంది. బల్ల, కంప్యూటర్, కిటికీ, కిటికీలోని రోడ్డు, రోడ్డు మీద ఆగిన బస్సు, అన్నీ నెమ్మదిగా లేచి ఆవిడవైపు వంగి మూసుకుంటాయి. ఆకు మడత లోపల చీకటి లేదు. లేతపచ్చటి వెలుతురు. నెత్తి మీద సమాంతరంగా ఈనెలు, ఈనెల్లో కాలవ నీళ్లలా చల్లగా ఏదో పారుతున్న చప్పుడు. బుల్లియ్య పైకి చూస్తాడు. నడిమి ఈనె వెంబడి, తలకిందులుగా, ఒక్క చుక్క కూడా ఒలకనివ్వకుండా చెంబు పట్టుకుని, అక్క చేతులు కడగడానికి గోవిందు నడిచి వస్తున్నాడు.