ఇరవయ్యారో ఫారం

ఆరు భాగాలపాటు రాకుమారిని కంటికి రెప్పలా కాచిన గద్దల అవ్వ, ఆఖరిదైన ఏడో భాగంలో, నాలుగొందల పద్దెనిమిదో పేజీలో, ఆ పిల్లను కొండ మీంచి తోసేసింది.

బైండింగు గదిలో ఫారాలు పేర్చే ఆమె అది చూసి కొయ్యబారిపోయింది. అసలు చూడకూడదు. పదహారు పేజీలకో ఫారం. ఫారాల వీపుల మీది నల్ల గీతలు మెట్లలా వరుసగా దిగుతున్నాయా లేదా, అంతవరకే ఆమె పని. అక్షరం చదివితే ఆ రోజే ఇంటికి. కథ బయటికి పొక్కకూడదని గుమ్మం దగ్గరే ఫోన్లు కూడా లాక్కున్నారు. కానీ ఆరు భాగాలూ నమిలి మింగిన కళ్లు ఊరుకుంటాయా?

తేరుకునేసరికి, చేతులు వాటంతటవే పేర్చేసిన నలభై పుస్తకాల్లో ఒక మెట్టు లేదు. ఇరవయ్యయిదు మీద ఇరవయ్యేడు. మేస్త్రీ అప్పటికే వాటిని బండి మీద కుట్టు మిషను దగ్గరికి తోసుకుపోతున్నాడు.

"బాబాయ్, ఆగు!"

"ఏం, మిషనుకి ముహూర్తం చూడాలా?"

"నలభైలోనూ ఇరవయ్యారో ఫారం లేదు."

"పన్నెండేళ్లుగా తప్పని చెయ్యి ఇవాళెందుకు తప్పిందమ్మా?"

తలనొప్పి అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చదివాను బాబాయ్. అవ్వ ఆ పిల్లని తోసేసింది."

బండి పిడి ఆయన చేతిలోంచి జారింది.

"ఏ అవ్వ? గద్దల అవ్వా? నోర్ముయ్! ఆవిడ తోయడమేంటి!"

ఆమె నోరు వెళ్లబెట్టింది. "నువ్వు కూడానా?"

"మా ఆవిడకి ఆరు భాగాలూ నేనే చదివి వినిపించా." మేస్త్రీ బండి వదిలేసి దగ్గరికొచ్చాడు. "ఎందుకు తోసిందే?"

"ఇరవయ్యారు చూడలేదుగా, ఏమో!"

ఆయన వెళ్లి తలుపు గడియ పెట్టొచ్చాడు. "ఊడితే ఇద్దరి ఉద్యోగమూ ఊడుతుంది. చదువు. గొంతు పెంచకు."

ఆమె ఇరవయ్యారో దొంతిలోంచి ఒక ఫారం లాగి చదవసాగింది. చివరి పేజీకొచ్చి ఆగిపోయింది.

"చెప్పవే!"

"ఆ పిల్లే అడిగింది బాబాయ్. 'నేను బతికుంటే గద్దలు ఒక్కటీ మిగలవు, తోసెయ్యి అవ్వా' అని కాళ్లు పట్టుకుంది."

మేస్త్రీ కాగితాల కట్ట మీద కూలబడ్డాడు.

"మా ఆవిడకి ఈ పేజీ నేను చదవలేను," అన్నాడు చివరికి.