సగం రంగు వేసిన గోడ

మా తాతయ్య ఇళ్లకు రంగులేసే మేస్త్రి. సొంతిల్లు లేదు గానీ, అద్దె ఇల్లు ఏది ఖాళీ చేసినా గోడలన్నిటికీ కొత్తగా రంగు వేసి మరీ తాళం అప్పగించేవాడట. పిల్లల గీతలు, నూనె మరకలు, మేకుల చిల్లులు ఒక్కటీ మిగలనిచ్చేవాడు కాదు. ఇంటి ఓనర్లు ఎగిరి గంతేసేవారు. ఆ పుణ్యమా అని మా వాళ్లు ఎక్కడ బతికారో చూపించుకోవడానికి ఒక్క గుర్తు లేదు.

అయినా ఏటా ఆయన పోయిన రోజున అమ్మమ్మ మమ్మల్ని వెంటేసుకుని ఆ ఇళ్లన్నీ తిప్పుతుంది. లోపలికి వెళ్లేది లేదు. వీధిలో నిలబడి ఇక్కడ మీ అమ్మ పుట్టింది, ఇక్కడ మీ మావయ్య పన్ను ఊడింది అని ఆవిడ చెప్పడం, మేం తలలూపడం. ఎండలో కాళ్లీడ్చుకుంటూ నేను గొణిగితే అమ్మ మోచేత్తో పొడుస్తుంది. చివరి ఇంటి ముందు మాత్రం అమ్మమ్మది ఎప్పుడూ ఒకటే మాట.

"మనిషి పక్కన ఎవరూ లేకుండా పోయాడు."

ఆ రోజు ఆవిడ మిల్లులో షిఫ్టుకు వెళ్లింది. పిల్లలు బడిలో ఉన్నారు. తాతయ్యది గుండె జబ్బు. ఇక నిచ్చెన ఎక్కనని ఆవిడకు ఒట్టేసి, పని మానేసి ఇంట్లో ఉంటున్న రోజులవి. ఆవిడ తిరిగొచ్చేసరికి మంచం మీద ఉన్నాడు, అంతే. నిద్రలో పోయాడని అందరూ అనుకున్నారు. పిలిచాడేమో, పలికేవాళ్లు లేక ఎంత అల్లాడాడోనని అమ్మమ్మ ఇన్నేళ్లుగా కుమిలిపోతూనే ఉంది. ఏటా ఆ పుండును మళ్లీ రేపుకోవడానికే ఈ తిరుగుడంతా. నాకు ఒళ్లు మండేది అందుకే.

ఈసారి ఆ చివరి ఇల్లున్న వరుసంతా పడగొట్టేస్తున్నారని తెలిసింది. ఆయన పోయిన గదిలో ఒక్కసారి కూర్చుంటానని అమ్మమ్మ పట్టుబట్టింది. తాళంచెవి తెస్తానన్న కాపలా మనిషి ఎంతకీ రాలేదు. పక్కింట్లో టైలరు పిన్ని ఇంకా ఖాళీ చేయలేదు. ఆ కాలం నుంచీ అక్కడే ఉంది. ఏటా మమ్మల్ని వీధిలో చూసి పలకరించి, కుట్టుపని ఉందంటూ చటుక్కున లోపలికి వెళ్లిపోయే మనిషి, ఈసారి అమ్మమ్మ నిలబడలేకపోవడం చూసి లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

మావయ్య కూడా పెయింటరే. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లినవాడు అక్కడే ఆగిపోయాడు. ఏమైందోనని మేమూ వెళ్లాం. మూడు గోడలు బాగానే ఉన్నాయి. నాలుగో గోడ మాత్రం పైసగం లేత ఆకుపచ్చ, కింది సగం పాత సున్నం. అలాంటి గోడ చూస్తే మావయ్యకు అన్నం సహించదు. ఏ పనికిమాలినవాడు వదిలేసి పోయాడు పిన్నీ, రేపొచ్చి నేను పూర్తి చేస్తానన్నాడు. పడగొట్టబోయే ఇంటికి! మా వంశం అలాంటిది మరి.

పిన్ని ముఖం పాలిపోయింది. వెళ్లి గోడకు అడ్డంగా నిలబడింది.

"దాని జోలికి పోవద్దు బాబూ. అది మీ నాన్న వేసిందే."

ఇక దాచలేకపోయింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక తాతయ్య, అమ్మమ్మ షిఫ్టుకు వెళ్లగానే వచ్చి ఆ వంటింటికి రంగులు వేసేవాడట. ఆ రోజు గోడ పైభాగం అయ్యాక నిచ్చెన దిగి, అలసటగా ఉందని పీట మీద కూర్చుని, కబుర్లు చెబుతూ చెబుతూ తల వాల్చేశాడు. డాక్టరు కోసం పరుగెత్తేలోపే అయిపోయింది. పిన్నీ వాళ్లాయనా కలిసి ఆయన్ను మోసుకెళ్లి, చేతులకంటిన రంగు తుడిచి, మంచం మీద పడుకోబెట్టారు. నిచ్చెన ఎక్కిన సంగతి నీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడక్కా, నా వల్లే పోయాడంటావని భయపడ్డాను కూడా, అని పిన్ని ఏడ్చేసింది.

నాకు కోపం ముంచుకొచ్చింది. నోరు తెరవబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంతలో కాపలా మనిషి తాళంచెవితో వచ్చి గుమ్మంలోంచి పిలిచాడు. అమ్మమ్మ అక్కర్లేదని అతన్ని పంపేసి, ఆ గోడ పక్కనే నేల మీద కూర్చుంది.

"కబుర్లు చెబుతూనా?" అంది.

"అవునక్కా. టీ పెట్టిచ్చాను. నువ్వు పంచదార మాన్పించేశావని నీ మీద ఒకటే ఫిర్యాదు."

"వేశావా మరి?"

పిన్ని తల దించుకుంది. "రెండు చెంచాలు."

అమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆవిడ నవ్వుతోందని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

"మంచి పని చేశావే," అంది.