దరీ పేజీలో లేని వార్త

అల్మ్‌విక్ అనే స్వీడన్ ఊళ్ళో నెలకోసారి వచ్చే 'పొరుగు వార్తలు' పత్రిక ఆరు భాషల్లో అచ్చయ్యేది. అందులో, అఫ్ఘాన్లు మాట్లాడే దరీ భాష పేజీ సఖీదాద్‌ది. స్వీడిష్‌లో ఇచ్చిన వార్తల్ని దరీలోకి మార్చడం, గురువారం మధ్యాహ్నాలు 'పొరుగిల్లు' అనే ఊరి ఉమ్మడి భవనం హాల్లో టీ తాగడానికి చేరే అఫ్ఘాన్ ఆడవాళ్ళకు చదివి వినిపించడం అతని పని. వాళ్ళలో సగం మందికి ఏ భాషలోనూ చదువు లేదు. డాక్టరు ఉత్తరమొచ్చినా, ఇంటి అద్దె నోటీసొచ్చినా పట్టుకుని అతని దగ్గరికే పరిగెత్తేవారు. గజ్నీ జిల్లాలో పాతికేళ్ళు పాఠాలు చెప్పానని అతను వచ్చిన కొత్తలోనే చెప్పుకున్నాడు. అందుకని ఊళ్ళో అఫ్ఘాన్లందరికీ మాస్టారయ్యాడు. గురువారాలు తప్పకుండా బూడిదరంగు కోటు వేసుకుని, గడ్డం దువ్వుకుని వచ్చేవాడు.

ఫిబ్రవరిలో గుల్‌చమన్ వచ్చింది. నలభై రెండేళ్ళ వితంతువు. వేరే ఊరి నుంచి మారి, ఇక్కడి బళ్ళో నేల తుడిచే పనిలో చేరింది. మొదటి గురువారం హాల్లో అడుగుపెట్టి, తలగుడ్డ మీద మంచు దులుపుకుంటూ అతన్ని చూసి ఆగిపోయింది.

"అయ్యో, మీరు సఖీ మామ కదూ? మా పక్కూరి బళ్ళో గంట కొట్టేవారు!"

సఖీదాద్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మా అన్నకి మీరంటే ప్రాణం. 'సఖీ మామ ఇవాళ తొందరగా గంట కొడితే బాగుణ్ణురా దేవుడా' అని లెక్కల క్లాసులో మొక్కుకునేవాడంట!"

తమ వైపు మనిషి కనబడ్డాడన్న సంతోషం తప్ప ఆమె మాటలో మరేమీ లేదు. కానీ హాలంతా ఘొల్లుమంది. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, "అయితే మన మాస్టారు గంట మాస్టారన్నమాట!" అంది. సఖీదాద్ కూడా నవ్వాడు. అందరికంటే కాస్త ఎక్కువసేపే నవ్వాడు.

నిజమే, అతను గంట కొట్టేవాడు. ఒకసారి గంట కొట్టి మళ్ళీ కొట్టేలోపు క్లాసు కిటికీ కింద చతికిలబడి, లోపల పంతులు చెప్పేది వింటూ మట్టిలో పుల్లతో అక్షరాలు దిద్దుకున్నాడు. తర్వాత దొరికిన ప్రతి పుస్తకమూ చదివాడు. ఇదంతా చెబితే హాల్లో వాళ్ళు మెచ్చుకునేవారేమో. చెప్పలేదు. ఆ వారం నుంచి అతని వెనక 'గంట మాస్టారు' అన్న మాట వినబడుతూనే ఉంది. ఒకసారి అంగడిలో ఒక ముసలాయన, "మాస్టారూ, టైమెంతయింది?" అని అడిగి పక్కవాడికి కన్నుగీటాడు. సఖీదాద్ కొన్న ఉల్లిపాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాడు.

గుల్‌చమన్‌కి ఇదేమీ తెలియదు. ప్రతి గురువారం ముందు వరసలో కూర్చునేది. చదవడం అయిపోగానే ఒకటే ప్రశ్న.

"మన పిల్లల్ని తెచ్చుకునే సంగతేమైనా పడిందా మాస్టారూ?"

ఆమె కూతురు నాజ్‌దానా పాకిస్తాన్‌లోని క్వెట్టాలో మేనత్త ఇంట్లో ఉంది. జులైలో పద్దెనిమిది నిండుతాయి. ఆ మేనత్త మంచిది కాదు. పిల్ల ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడేది.

ఏప్రిల్ పత్రికకు వార్తలు వచ్చాయి. పొరుగిల్లు నడిపే గున్‌వోర్ వాటిని అతని బల్ల మీద పెట్టి, "ఈసారి ఎనిమిదున్నాయి సఖీదాద్ గారూ. మీ లిపి చోటు ఎక్కువ తీసుకుంటుంది కదా, పట్టకపోతే ఒకటి తీసేయండి. ఏది తీయాలో మీకే బాగా తెలుసు" అని వెళ్ళింది.

అయిదో వార్త ఇది: విదేశాల్లో పిల్లల్ని వదిలి వచ్చినవారి కోసం మే పన్నెండున ఒక లాయరు పొరుగింటికి వస్తారు. ఉచితంగా దరఖాస్తులు రాసి పెడతారు. పిల్లలకు పద్దెనిమిది నిండకముందే దరఖాస్తు చేరాలి. ఆ తర్వాత చేరినవి తీసుకోరు.

సఖీదాద్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఈత కొలను వేళలు మారాయన్న వార్త మూడు వాక్యాలుంది. పాత బట్టల సంత వార్త నాలుగు వాక్యాలుంది. ఆ రెండూ ఉంచాడు. అయిదోది తీసేశాడు. చోటు లేదు మరి, గున్‌వోరే చెప్పిందిగా అనుకున్నాడు. అలా అనుకుంటున్నప్పుడు అతని కళ్ళ ముందు మెదిలింది మాత్రం నవ్వుతున్న హాలు.

గురువారం వచ్చింది. ఏడు వార్తలూ చదివాడు.

"పిల్లల సంగతేమైనా..." అంది గుల్‌చమన్.

"ఉంది. శనివారాలు పిల్లలకి ఈత నేర్పుతారంట."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసి టీ గ్లాసులు కడగడానికి లేచింది. లాయరు రావడానికి అప్పటికి ఇంకా నాలుగు వారాలుంది. నాలుగు గురువారాలూ ఆమె వచ్చింది, అడిగింది. నాలుగుసార్లూ అతను లేదన్నాడు. మే పన్నెండున లాయరు వచ్చి వెళ్ళింది.

ఆగస్టులో, బడి తెరిచాక, గుల్‌చమన్‌తో పనిచేసే సోమాలీ ఆవిడ ఊబా తన చెల్లెలి కొడుక్కి అనుమతి వచ్చిందని ఖర్జూరాలు పంచింది. ఎలా వచ్చిందని అడిగితే, "పత్రికలో వేశారుగా!" అంది.

గుల్‌చమన్ తుడిచే కర్రని గోడకానించి, పని బట్టల్తోనే పొరుగింటికి వచ్చింది.

"మాస్టారూ, లాయరమ్మ వచ్చిందంట కదా! సోమాలీ వాళ్ళ పేజీలో పడిందంట. మన పేజీలో పడలేదా?"

సఖీదాద్ కాగితాలు సర్దుతూ తల ఎత్తకుండానే అన్నాడు. "పడకేం? పడింది. చదివాను కూడా."

"చదివారా? నేను విన్లేదే!"

"ఆ వారం నువ్వు రాలేదు చెల్లెమ్మా."

"నేను ఒక్క గురువారం కూడా మానలేదండీ."

"మానలేదా? సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఏప్రిల్‌లో నీకు జ్వరం రాలేదూ?"

ఆమెకు జ్వరం వచ్చిన మాట నిజం. అది మార్చిలో. నిలబడి వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంది, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. చివరికి, "అయితే ఆ వారమేనేమో" అంది నెమ్మదిగా. తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకుంది. ఒకసారి కాదు. గున్‌వోర్ గదిలోంచి పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకోవాల్సి వచ్చింది.

గున్‌వోర్ లాయరుకు ఫోన్ చేసింది. లాయరు ఒక దారి చెప్పింది. ఈమెకు తెలిసిన భాషలో ఆ సమాచారం అందలేదని చూపించగలిగితే ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. దరీ పేజీ చూసే మనిషి ఒక ఉత్తరం రాసి సంతకం చేస్తే చాలు.

గుల్‌చమన్ సఖీదాద్ ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది.

"నాకు తెలీలేదని ఒక్క ముక్క రాయండి మాస్టారూ. మీ మాటకి ఇక్కడ విలువుంది."

అతను పెన్ను తీశాడు. ఆ వార్త పేజీలో లేదని రాస్తే చాలు, పిల్ల వస్తుంది. కానీ ఎందుకు లేదని గున్‌వోర్ అడుగుతుంది. ఈత కొలను ఎందుకుంచావని అడుగుతుంది. అడగడంతో ఆగదు, పేజీ ఇంకొకరికి ఇస్తుంది. గురువారాలు పోతాయి. హాల్లో కథ చెప్పుకుంటారు, ఈసారి గంట కథ కాదు.

చక్కని దస్తూరీతో రాశాడు. సమాచారం ఏప్రిల్ దరీ పేజీలో వచ్చిందని, తాను స్వయంగా చదివి వినిపించానని, సదరు మహిళ ఆ రోజు హాజరు కాలేదని రాశాడు. కింద సంతకం చేసి కవరులో పెట్టి అంటించాడు.

"రాశారా?" అంది ఆమె.

"జరిగిందంతా రాశాను."

ఆమె అతని చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.

అక్టోబరులో జవాబొచ్చింది. దరఖాస్తు తీసుకోలేమని. అప్పటికే మేనత్త నాజ్‌దానాను యాభై దాటిన ఇనుప కొట్టు యజమానికిచ్చి పెళ్ళి చేసింది. అతనికి ముందే ఇద్దరు భార్యలున్నారు. పిల్ల ఫోన్లో తల్లికి ఆఖరి మాట రికార్డు చేసి పంపింది: "నీకు వారానికొక్క గంట కూర్చునే తీరిక లేకపోయింది కదమ్మా. ఇంక నాకు ఫోన్ చేయకు." ఆ గొంతును గుల్‌చమన్ పొరుగింట్లో అందరికీ వినిపించింది. విన్నవాళ్ళు, "తప్పు నీదేనమ్మా, కాస్త కనిపెట్టుకుని ఉండాల్సింది" అన్నారు. సఖీదాద్ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని వాళ్ళు అతని మంచితనం కిందే జమకట్టారు.

తర్వాత మూడు గురువారాలు ఆమె రాలేదు. నాలుగోసారి అందరూ వెళ్ళిపోయాక వచ్చింది. బాగా చిక్కిపోయింది. చేతిలో గళ్ళ నోటు పుస్తకం, కొత్త పెన్సిలు ఉన్నాయి.

"నాకు అక్షరాలు నేర్పండి మాస్టారూ. దరీ చాలు. ఎవరో చదివిపెట్టే దాకా చూస్తూ కూర్చున్నాను, నా బిడ్డ పోయింది. పాత పేపర్లన్నీ ఇంట్లో దాచుకున్నాను. వాటితోనే మొదలుపెడదాం."

సఖీదాద్ ఆ నోటు పుస్తకం వైపు చూశాడు. దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాచలేదు.

"ఈ వయసులోనా?" అన్నాడు. "నీకు రావు చెల్లెమ్మా. అందరికీ అబ్బేది కాదు చదువు. ఊరికే మనసు పాడుచేసుకోకు. ఆ పాత పేపర్లు కూడా పారేయి, చూసినప్పుడల్లా బాధ."

గుల్‌చమన్ సిగ్గుపడి పుస్తకాన్ని తలగుడ్డ చెంగు కిందికి లాక్కుంది.

"నిజమే లెండి," అంది. "నాదొట్టి మట్టి బుర్ర."

వెళ్ళేటప్పుడు ఆమె టీ గ్లాసులన్నీ కడిగి బోర్లించి మరీ వెళ్ళింది. సఖీదాద్ నవంబరు వార్తలు ముందుకు లాక్కున్నాడు. ఈసారి ఆరే ఉన్నాయి. అన్నీ పట్టాయి.