మడుగులో ఆఖరి ఫొటో

"నీ గాజుల సప్పుడుకే కొంగలన్నీ లేస్తున్నయి. జర చేతులు కదపకుండ కూసోరాదు?" అన్నాడు జనార్దన్‌రావు, వెనక్కి తిరగకుండానే.

చేతులు కదపకుండా గొడుగు ఎలా పట్టాలో తారాబాయికి తెలియలేదు. నావ ముందు భాగంలో భర్త, పక్కన ఆయన పిలుచుకొచ్చిన తహశీల్దారు. వాళ్ళ నెత్తిన ఎండ పడకుండా గొడుగు ఆమెది. ఒళ్ళో టిఫిన్ డబ్బా, కాళ్ళ మధ్య నీళ్ళ కూజా. ముత్తైదువ గాజులు తీయకూడదని హుజూరాబాద్‌లో బయల్దేరేటప్పుడే అత్తగారు హెచ్చరించింది. అందుకని చేతిరుమాలు గోదావరి మడుగులో తడిపి గాజులకు చుట్టుకుంది. పక్షులను లేపుతున్నది తహశీల్దారు చుట్ట దగ్గు అని మాత్రం ఎవరూ అనలేదు.

భర్త చేతిలో ఉన్న కెమెరా అసలు ఆమెది. తమ్ముడు బొంబాయి రైలెక్కుతూ, "ఉంచు అక్కా, మళ్ళొచ్చినంక తీస్కుంట" అని చేతిలో పెట్టిన నల్ల డబ్బా. వాడు మళ్ళీ రాలేదు. ఆ రోజు రైలు కిటికీలో ఊగిన చెయ్యిని ఒక్క ఫొటో తీసి ఉంటే, అని అనుకోని రోజు లేదు. ఏదైనా కళ్ళముందు నుంచి కదిలిపోతుంటే ఇప్పటికీ ఆమె చెయ్యి కెమెరా కోసం వెతుకుతుంది. పెరట్లో పిచ్చుకలను తీస్తూ తనంతట తానే పని నేర్చుకుంది. కిందటేడు పిల్లలకు మేత పెడుతున్న కొంగను ఆమె తీస్తే, పత్రికలో భర్త పేరుతో పడింది. అడిగితే నవ్వాడు. "ఎవలు తీస్తేంది? ఇల్లొక్కటే గదా." ఇల్లొక్కటే. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఇంట్లో ఎవరి పని ఏదో అందరికీ తెలుసు.

ఈసారి ముందే అడిగింది, ఒక్క ఫొటో తనకు ఉంచమని. సరేనన్నాడు. తహశీల్దారు నావవాడి తెడ్డు పట్టుకుని ఒకటి, జనార్దన్‌రావు తెడ్డు పట్టుకుని ఒకటి, ఎక్కడో చీమంత మొసలి ముందు ఇద్దరూ చెరొకటి. ఇట్లా ఫిలిం అయిపోవచ్చింది. కెమెరా వెనక, ఎన్నో ఫొటోనో చూపే ఎర్ర కిటికీలో ఆఖరి అంకె కనపడింది.

"గిది నాదన్నరు" అంది మెల్లగా.

"నీదే. మా ఇద్దరిని తియ్" అని కెమెరా ఆమెకు అందించాడు. తహశీల్దారు పడీపడీ నవ్వాడు.

ఇద్దరూ ఛాతీ విరిచి, దూరంగా ఏదో పులిని చూస్తున్నట్టు ఆకాశం వైపు చూపు నిలిపారు. అప్పుడే ఒడ్డున జమ్ము గడ్డి కదిలింది. ఒక నీటికుక్క బయటికి వచ్చింది, పిల్లను మెడ దగ్గర నోట కరుచుకుని. వెనక బురదలో ఇంకో పిల్ల కీచుమంటోంది. తల్లి నీళ్ళలోకి దిగబోయి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

"నవ్వాల్నా అమ్మా?" అన్నాడు తహశీల్దారు, మెడ తిప్పకుండా.

"మీ ఇష్టం."

తారాబాయి గొడుగు కింద పెట్టింది. కెమెరాను పొట్టకు ఆనించి, ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగింది. మీట నొక్కింది.

నీటికుక్క నీళ్ళలోకి జారిపోయింది.

"మంచిగ వచ్చినమా?" అంటూ జనార్దన్‌రావు కెమెరా కోసం చెయ్యి చాచాడు.

ఇన్నేళ్ళూ ఆయన ఏమడిగినా ఆమె నోట తయారుగా ఉండే "ఆ" ఈసారి రాలేదు. కెమెరా కొంగుచాటుకు తీసుకుంది.

"మీరు అండ్ల లేరు" అంది. "కరీంనగర్ పోయి ఫిలిం నేనే కడిగిచ్చుకుంట."