వెళ్ళొస్తానని వెళ్ళిన షుగరు

ఆ ఇంట్లో గడప దాటేవాళ్ళెవరూ "వెళ్తున్నా" అనకూడదు. "వెళ్ళొస్తా" అనాలి. వీధి చివర సబ్బుబిళ్ళ కొనడానికైనా సరే. అది అత్తగారు పెట్టిన చట్టం. ఆవిడ చెల్లెలు ఒకరోజు ఆసుపత్రికి బయల్దేరుతూ ఏమీ చెప్పకుండానే బండెక్కింది. మళ్ళీ రాలేదు. కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన షుగరు కాన్పుతో పోయిందని అప్పట్లో అందరూ సంబరపడ్డారు. పదేళ్ళకు అది తిరిగొచ్చి మూత్రపిండాలను తినేసింది.

కోడలికీ కడుపుతో ఉన్నప్పుడు షుగరొచ్చింది. కాన్పయ్యాక పోయింది. పసిదానికి తొమ్మిదో నెల టీకా వేయించడానికి అత్తాకోడళ్ళు వెళ్ళినప్పుడు, నర్సు సూది పక్కన పెడుతూ అడిగింది.

"నడుస్తున్నావా అమ్మా?"

"షుగరు పోయిందిగా సిస్టర్?"

"పోలేదు. వెళ్ళొస్తానని వెళ్ళింది. నువ్వు కూర్చునే ఉన్నావనుకో, ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. రోజూ ఒక అరగంట గబగబా నడువు. ఏటా రక్తపరీక్ష మానకు."

నర్సు మామూలుగా అన్న మాటే. అత్తగారి గుండెలో మాత్రం రాయి పడింది.

కోడలు బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పొద్దున మెషిన్ ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవదు. నడవమంటే రోజుకో సాకు.

"కాళ్ళు రోజంతా తొక్కుతూనే ఉన్నాయిగా అత్తయ్యా!"

"మోటారు పెట్టించి రెండేళ్ళైంది. తొక్కేది అది. దానికి రాదులే షుగరు."

వారం రోజులు చూసింది అత్తగారు. ఎనిమిదో రోజు పొద్దున్నే మెషిన్‌లోంచి బాబిన్ కేసు తీసి తన కళ్ళజోడు పెట్టెలో దాచేసింది. బొటనవేలంత ఇనపముక్క. అది లేకపోతే ఒక్క కుట్టు పడదు.

"అత్తయ్యా, బాబిన్ కేసేదీ?"

"నా దగ్గరుంది. అరగంట నడిచిరా, ఇస్తా."

"రేపటికి ఇరవై చొక్కాలివ్వాలి! ఇప్పుడా పరాచికాలు?"

"చొక్కాలు ఆగుతాయి. ఆ వెళ్ళింది ఆగదు."

కోడలు మూతి ముడుచుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, గేటు ధడాలున వేసి పోయింది. వెళ్ళొస్తానని అనలేదు.

పిల్లను ఒళ్ళో పెట్టుకుని గడియారం ఎదురుగా కూర్చుంది అత్తగారు. అరగంటైంది. నలభై నిమిషాలైంది. రోడ్డు మీద లారీ హారన్ మోగితే గుండె గుభేలుమంది. ఈ నడకలూ వద్దు, గొడవలూ వద్దు, రాగానే ఆ ముక్క దాని చేతిలో పెట్టేద్దాం అనుకుంది. హాయిగా కళ్ళెదుటే కూర్చుని కుట్టుకుంటుంది. చెల్లెలూ అలాగే కళ్ళెదుటే కూర్చునేది. అది గుర్తొచ్చి, ఆ ఆలోచన మానుకుని, పిల్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుని, కుర్చీలోంచి కదల్లేదు.

గేటు చప్పుడైంది. కోడలు ఆయాసపడుతూ వచ్చింది.

"వంతెన దాకా వెళ్ళాను. ఇస్త్రీ కొట్టు అక్క కలిసింది. ఆవిడకీ రెండో కాన్పులో ఇదేనట. రేపట్నుంచి తనూ వస్తానంది." ఆగి అత్తగారి మొహం చూసింది. "నడిచింది నేనైతే చెమటలు మీకు పట్టాయేంటి?"

"పట్టవూ మరి! చెప్పి వెళ్ళావా?" అంటూ అత్తగారు కళ్ళజోడు పెట్టె తెరిచింది.

మర్నాడు ఆవిడ లేచేసరికే కోడలు చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. తనే తీసిన బాబిన్ కేసు అత్తగారి గుప్పిట్లో పెట్టింది.

"ఇదిగో, దాచుకోండి. వెళ్ళొస్తా."

"నువ్వు రా. అది రాకూడదు," అంది అత్తగారు.

కోడలు నాలుగడుగులు వేసిందో లేదో, అత్తగారు పిల్లను చంకనేసుకుని గేటు దాకా వచ్చి కేకేసింది.

"ఏమిటా నత్తనడక? గబగబా అన్నారు నర్సమ్మ!"